పాత బావిలోకి దించిన దీపం

గాలికి బరువుంటుందని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగిలిన చదువంతా ఎత్తుకున్న చదువు. నా కొడుకు బడి నుంచి వచ్చి సంచి విసిరేసి ఆటకు పోతే, ఆ సంచి నాది. ఇప్పుడు మనవరాలి సంచి నాది. ఏడో తరగతి సైన్సు పుస్తకం కొడుకుదీ చదివాను, మనవరాలిదీ చదివాను. అట్టలు మారాయి, బొమ్మలకు రంగులొచ్చాయి, పాఠం మాత్రం అదే. పదార్థం అంటే చోటు ఆక్రమించేది, బరువు ఉండేది. రాయి పదార్థం, నీళ్లు పదార్థం, గాలి పదార్థం. రాయి, నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. మూడోదాన్ని పిల్లలు కళ్లు మూసుకుని వల్లెవేసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ మూడో మాట తెలియకనే మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. ఈ యాసంగి పంటకాలంలో ఇంకొకరు పోవలసింది.

మొదటిది ముందు చెప్పాలి. చెప్పకపోతే రెండోసారి నేను ఎందుకంత పిచ్చివాడిలా ప్రవర్తించానో మీకు అర్థం కాదు.

నేను పుట్టింది జనగామ దగ్గర ఒక మెట్ట ఊళ్లో. అక్కడ ఆ రోజుల్లో జొన్నలను పాతరలో దాచేవారు. పాతర అంటే మరేమీ కాదు, ఇద్దరు మనుషుల లోతున తవ్విన గొయ్యి. అడుగున, పక్కలకు ఎండుగడ్డి, వేపాకు పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టితో అలికేవారు. వానాకాలం మధ్యలో తెరిచేవారు. తెరిచిన రోజు ఎవరూ అందులోకి దిగేవారు కాదు. "పాతరను ఊపిరి పీల్చుకోనియ్యాలె" అనేవారు పెద్దలు. మరునాడు తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం నిలిస్తే మనిషి దిగాలి. ఆరితే ఆగాలి. ఎందుకని నేను అడిగితే మా అవ్వ, "పెద్దలు పెట్టిన కట్టడి బిడ్డా, అడుగద్దు" అన్నది.

మా చిన్నాయన దొర దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. ఒక ఏడు పాతర తెరిచిన నాడే జొన్నలు కావాలని దొర మనిషి ఒకడు తొందరపెట్టాడు. "దీపం పెట్టుకుంట కూసుంటే పొద్దు పోతది. నిరుడు దిగలేదా? దిగు" అన్నాడు. చిన్నాయన గంప తీసుకుని దిగాడు. గంప పైకి రాలేదు. ఇంకో జీతగాడు లోపలికి తొంగి చూసి, "ఏంది, మెత్తగున్నదని పండుకున్నవా?" అని నవ్వుకుంటూ దిగాడు. అతనూ రాలేదు. నేను అవ్వ కొంగు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఇద్దరినీ కొక్కేలతో పైకి లాగారు. ఇద్దరి ఒంటి మీదా చిన్న గీత లేదు.

మొక్కు తప్పినందుకు గింజల తల్లి పట్టుకుపోయింది అన్నారు. ఊరంతా నమ్మింది. మా నాయన, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు, తప్పు తనదే అన్నట్టు మేకను కోశాడు. నేనూ ముప్పై ఏళ్లకు పైగా అదే నమ్మాను. నాకు కోపం రాదా మరి?

ఆ తరువాత పొట్టకూటికి భూపాలపల్లి వైపు పోయి, బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీగా కర్రదిమ్మలు మోశాను. అక్కడ ఒక మేస్త్రీ చేతిలో ఎప్పుడూ ఇనుప జాలీ దీపం ఉండేది. పనివాళ్లను ఆపి, వాడకుండా వదిలేసిన దారుల్లోకి ముందు తను పోయి ఆ దీపాన్ని నేల దగ్గరికి వంచి చూసేవాడు. ఒకనాడు నా కళ్ల ముందే, నడుము ఎత్తున నిండుగా ఉన్న మంట, మోకాలి దగ్గరికి వచ్చేసరికి కుంగి, నేల దగ్గర ఆరిపోయింది. ఇదేం మాయ అని అడిగాను.

"మాయ గాదు. గాలి కూడ నీళ్ల లెక్కనే, పల్లం జూసుకుంటది. బరువుగాలి కింద పండుకుంటది. అండ్ల దీపం బతుకది, మనిషి బతుకడు."

"పైన ఊళ్లల్ల కూడ ఉంటదా గీ గాలి?"

"ఎందుకుండది? గింజ ఊపిరి పీల్చి గీ గాలే ఇడుస్తది. గడ్డి కుళ్లినా గిదే. మూతపెట్టిన గుంతల ఏడికి పోతది? అండ్లనే నిండుతది."

గింజ ఊపిరి పీలుస్తుంది. పాతరను ఊపిరి పీల్చుకోనివ్వాలి. అవ్వ చెప్పిందీ మేస్త్రీ చెప్పిందీ ఒకటే. కాకపోతే మధ్యలో ముప్పై ఏళ్లు, ఇద్దరు మనుషులు, ఒక మేక. ఆ రోజు దిమ్మ భుజాన ఎత్తుకోబోయి ఎత్తలేకపోయాను.

ఇప్పుడు నేనుండేది కేసముద్రం దగ్గరి ఊళ్లో. మా ఆవిడ ఊరది, ఇల్లరికం వచ్చాను. ఆమె పోయింది. కొడుకు వ్యవసాయం చేస్తాడు. కోడలిది మరిపెడ. వాళ్లకు ఒక్కతే బిడ్డ, ఏడో తరగతి. ఈ యాసంగిలో రెండెకరాల వరి పొట్ట మీదికి వచ్చాక బోరు చేతులెత్తేసింది. గంట పోసి ఆగేది, తరువాత పావుగంట, తరువాత గాలి. పొలం నెర్రెలు విచ్చుతుంటే కొడుకు ముఖం కూడా అట్లాగే అయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

అప్పుడు వాడి కన్ను పాత బావి మీద పడింది. మా మామ తవ్వించిన బావి అది, పది గజాల లోతు. బోరు వేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమే కాదు, మక్కజొన్న కట్టె, కలుపు, నానిన వరిగడ్డి, ఏది అడ్డమైతే అది అందులో పారేశాం. నేనూ పారేశాను. అడుగున మోకాలి లోతు బురద. కింద ఊట ఉందేమో చూసి, ఉంటే పూడిక తీయించి మోటారు దించుదామని వాడి ఆలోచన. సాయానికి మరిపెడ నుంచి బామ్మర్దిని పిలిపించుకున్నాడు.

ముందురోజు సాయంత్రం నేను ఒక్క మాట చెప్పాను. "దీపం దించి చూడందే దిగొద్దు."

"సరే బాపూ, దించుతం తీ" అన్నాడు.

అంతే. ఎందుకు దించాలో నేను చెప్పలేదు, వాడు అడగలేదు. చెప్పేశాను కదా అని నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున లేచేసరికి కొడుకు, కోడలు, ఆమె తమ్ముడు ముగ్గురూ వెళ్లిపోయారు. మనవరాలు బడికి తయారవుతోంది. చాయ్ తాగుతుంటే నాకు ఉన్నట్టుండి ఒక ప్రశ్న పుట్టింది. వీళ్లు ఏ దీపం పట్టుకుపోయారు? ఇంట్లో కందిలి లాంతరు లేదు. దేవుడి గూట్లో ప్రమిద కదలలేదు. గాజు చిమ్నీ దీపం ఎప్పుడో పగిలింది. కిరసనాయిలు వాసన మా ఇంట్లో వచ్చి ఎన్నేళ్లయిందో. వంటింట్లో చూశాను, అగ్గిపెట్టె కూడా అక్కడే ఉంది.

"మీ నాయిన ఏమేం తీస్కపోయిండు బిడ్డా?" అని మనవరాలిని అడిగాను.

"మోకు, పార, సద్దిగిన్నె. ఎందుకు తాతా?"

చాయ్ అక్కడే పెట్టి కర్ర తీసుకున్నాను.

బావి ఇంటికి మైలు ఉంటుంది. నా మోకాళ్లకు అది మూడు మైళ్లు. దారిలో పక్క చేనులో మిరపకాయలు ఏరుతున్న ఆడకూలీలు ఉన్నారు, ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని. వాళ్లలో పెద్దామె, నాకంటే పదేళ్లు చిన్నదేమో, నన్ను చూసి, "ఏందే పెద్దాయినా, పిల్లను సూసుకునే దానికి పోతున్నవా, గంత ఉరుకుతున్నవ్?" అని కేకేసింది. మిగతావాళ్లు నవ్వారు. ఇంకో రోజైతే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు ఆగలేదు. నడుస్తున్నంతసేపూ నాకు నేనే చెప్పుకుంటున్నాను: వాళ్లు తెలివిగలవాళ్లు, ఏ గుడ్డపేలికకో నిప్పంటించి దించి ఉంటారు. బామ్మర్ది బీడీలు తాగుతాడు, వాడి జేబులో అగ్గిపెట్టె ఉంటుంది. ఉంటుంది కదా. ఉండాలి.

బావి గట్టు మీద కోడలు, ఆమె తమ్ముడు నిలబడి ఉన్నారు. మోకు ఒక కొస పాత మోట రాతికి కట్టి ఉంది, రెండో కొస లోపలికి పోయింది.

"మామా, గీ ఎండల నువ్వెందుకొచ్చినవ్?" అన్నది కోడలు.

"దీపం దించిండ్రా?"

"దించినం మామా" అన్నాడు ఆమె తమ్ముడు, నవ్వుతూ. "మస్తుగ వెలుగుతుంది. నువ్వే సూడు."

ఒరిగి చూశాను. బావి గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు సగం దాకా ఉంటాయి, ఆ కింద తాడే దిక్కు. మా కొడుకు ఆ చివరి మెట్ల మీద ఉన్నాడు. వాడికి ఇంకా కింద, బురదకు జానెడు పైన, సన్న తాడుకు ఒక తెల్లటి వెలుగు వేలాడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. అది రెపరెపలాడలేదు. మంట అన్నది ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఇది మేకు కొట్టినట్టు ఉంది.

"అదేం దీపంరా?"

"నా సెల్లు మామా. టార్చి ఏసి దించినం. పావుగంటైంది, ఇంకా ఆరలే."

ఆరలేదట!

పదార్థంలో మార్పులు రెండు రకాలని మనవరాలి పుస్తకంలో ఉంది. మంచు కరిగినా, ఇనుప తీగ వేడెక్కి వెలిగినా అది భౌతిక మార్పు, లోపలి పదార్థం మారదు. నూనె మండితే రసాయన మార్పు, దానికి గాలి కావాలి, గాలిలోని ప్రాణవాయువు కావాలి. దీపమూ మనిషీ తినేది ఒకటే తిండి. అందుకే మనిషి కంటే ముందు దీపాన్ని పంపేది. సెల్లుకు ఆ తిండి అక్కర్లేదు. వీళ్లు పెద్దల కట్టడి పాటించారు. తాడు కట్టారు, వెలుగు దించారు, ఆరుతుందా లేదా అని బుద్ధిగా పావుగంట చూశారు కూడా!

"ఎక్కురా! పైకెక్కు!" అని అరిచాను. "అది ఆరది! ఎన్నటికీ ఆరది!"

కొడుకు తలెత్తి నవ్వాడు. "కందిలి ఏడున్నది బాపూ ఇంట్ల? పాత ఇనుప సామాన్ల ఏసి రెండేండ్లాయె. వెలుగు గావాలన్నవ్, వెలుగున్నది. నువ్వు పరేషాన్ గాకు." ఆ మాట పూర్తి చేస్తూనే మోకు పట్టుకుని జారాడు.

కింద బురదలో కాళ్లు పడిన చప్పుడు వినిపించింది. కుళ్లు కదిలి బుడగలు లేచాయి. "ఊట ఉన్నది బాపూ! కాళ్ల కింద సల్లగ తగులుతుంది!" ఎన్ని రోజులకు విన్నానో వాడి గొంతులో ఆ సంతోషం. కోడలు నా వైపు చూసి నవ్వింది. నేను ఎక్కమనే అరుస్తున్నాను.

"జర ఆయాసమొస్తుంది" అన్నాడు. "సెల్లు తీస్కోని..." అని వంగాడు. వంగినవాడు నిటారుగా లేవలేదు. కల్లు తాగినవాడిలా ఏదో గొణిగాడు. తరువాత భోజనానికి కూర్చున్నట్టు బురదలో నిదానంగా కూర్చున్నాడు. తల గోడకు వాలింది.

"ఇగో! ఏమయ్యా! పలుకవేంది?" అని కోడలు కేక.

బామ్మర్ది చెప్పులు విడిచి, "బావా!" అంటూ మెట్టు దిగాడు. నేను వాడి అంగీ వెనక నుంచి పట్టుకున్నాను.

"ఇడువు మామా! బావ సోయి తప్పిండు!"

"నువ్వు దిగితే ఇద్దరైతరు!"

"ఇడువుమంటున్ననా!" అని విదిలించుకున్నాడు. అంగీ చిరిగింది. కర్ర పారేసి వాడి చెంప మీద కొట్టాను. నా జీవితంలో ఆ పిల్లగాణ్ణి ఏనాడూ నువ్వు అని గట్టిగా అన్నది లేదు. వాడు బిత్తరపోయి నిలబడ్డాడు. "నేను సూసినరా. ఒకడు దిగిండు, వాని కోసం ఇంకొకడు దిగిండు. ఇద్దరిని కొక్కేలతోని గుంజిండ్రు. మోకు గుంజు!"

అప్పటికే కోడలు మోకు లాగుతోంది. ఆ మోకు వాడి నడుముకు కట్టి ఉంది. అది నా తెలివి కాదు, వాడిదీ కాదు. "నడుముకు కట్టుకోకుంటే దిగనియ్య" అని పొద్దున ఆమె పట్టుబట్టిందట. జారిపడతాడేమోనని ఆమె భయం, గాలి సంగతి ఆమెకూ తెలియదు. ఏదైతేనేం, ఆ మోకు లేకపోతే నేను ఇది రాసేవాణ్ణే కాదు.

ముగ్గురం లాగాం. రెండు జానలు లేచి ఆగిపోయాడు. బురద పట్టిన మనిషి బరువు అంతా ఇంతా కాదు. కోడలు మిరప చేను వైపు తిరిగి పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏడుగురు ఆడవాళ్లు గంపలు పారేసి వచ్చారు. ఆ పెద్దామె, ఇందాక నన్ను వెక్కిరించిన ఆమె, నన్ను పక్కకు తోసి, "నువ్వు జరుగు. నీ చేతులతోని అయ్యేదా గిది?" అని మోకు అందుకుంది. "గుంజుండ్రే! మెల్లగ గాదు, ఒక్కసారే!"

వాడు లేచాడు. సగానికి వచ్చి చివరి మెట్టు రాయి కింద భుజం తట్టుకుంది. ఎంత లాగినా కదలడు. గట్టిగా లాగితే మెడ విరిగేలా ఉంది. ఎవరో ఒకరు మెట్లు దిగి భుజాన్ని తప్పించాలి. ఎంత దాకా దిగవచ్చు? అది ఎవరికి తెలుసు?

"అగ్గిపెట్టె!" అన్నాను. బామ్మర్ది జేబులోంచి తీశాడు. ఉంది, జేబులోనే ఉంది. పొద్దున్నుంచీ ఉంది. నా తువ్వాల కొస ఒక మిరప కూలీ చేతి కర్రకు చుట్టి, అంటించి, కర్రను తాడుకు కట్టి మెట్ల పక్కగా దించాను. మొదటి మెట్లలో మంట ఎర్రగా ఉంది. చివరి మెట్టుకు ఒక మెట్టు పైన కుంగింది. చివరి మెట్టు దగ్గర ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది. దాని పొగ పైకి రాలేదు, కిందికీ పోలేదు. అక్కడే, ఆ ఎత్తునే, పలచగా పరుచుకుని నిలబడింది. బావిలో కనిపించని నీళ్లు నిండి ఉన్నట్టు, ఆ నీళ్ల మీద పొగ తేలుతున్నట్టు.

"అమ్మో" అన్నది ఒకామె.

"గా పొగకు రెండు మెట్ల పైనే కూసో" అని బామ్మర్దితో అన్నాను. "నీ ముక్కు దాని దగ్గరికి పోవద్దు. గా గట్టు మీది గడతోని నూకు."

వాడి నడుముకూ ఒక తాడు కట్టాం. వాడు దిగి, ఆ మెట్టు మీద కూర్చుని, వెదురు గడతో బావ భుజాన్ని గోడ నుంచి నెట్టాడు. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. నేను లెక్కపెడుతున్నాను, ఏమి లెక్కపెడుతున్నానో తెలియదు. మూడోసారి భుజం తప్పింది. ఆడవాళ్లు ఒక్క ఊపున లాగారు. నా కొడుకు గట్టు మీదికి వచ్చి పడ్డాడు.

పెదాలు నల్లబడ్డాయి. ఒంటి మీద గీత లేదు. ఆ ఇద్దరి ఒంటి మీదా లేదు. కోడలు ఛాతీ మీద చెవి పెట్టి, "ఉన్నది, కొట్టుకుంటుంది" అన్నది. పెద్దామె వాడి చెంపలు టపటపా కొట్టసాగింది. పొద్దున్నుంచి పచ్చి మిరప, పండు మిరప తెంపిన చేతులవి. రెండు మూడు దెబ్బలకు వాడి ముక్కు ముడుచుకుంది, దగ్గాడు, మళ్లీ దగ్గాడు, బురదనీళ్లు కక్కాడు. కళ్లు తెరవకముందే, "మంట, మంట" అని మూలిగాడు.

"మండాలె కొడుకా, మండాలె" అన్నది ఆమె. అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆటోలో వేసుకుని మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. ముఖానికి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలికి అక్కలా ఉంది. జరిగిందంతా విని, పొగ సంగతి మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, చెప్పొద్దూ. అప్పుడామె అన్నది: "తాతా, దీపం ఆరకున్నా చంపే గాలులుంటయి కుళ్లిన బావులల్ల. దీపం నిలిచిందని కూడ దిగొద్దు. మిషన్ పెట్టి చూసేటోళ్లు ఉంటరు, వాళ్లను పిలవాలె."

ఇది నాకు తెలియదు. అంటే ఆ పొద్దున కందిలి దొరికి, దించితే ఆరకుండా నిలిస్తే, నేనే వాణ్ణి దిగమనేవాణ్ణి. అరవై ఏళ్లుగా మోస్తున్న విద్య అది.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "తలకాయకు గాలి అందక కొద్దిసేపు ఉన్నడు. రెండు మూడు దినాలు మతి చూసుకోండ్రి. మరుపు, తారుమారు మాటలు ఉన్నయా అని. ఉంటే వెంటనే పట్టుకరాండ్రి."

సాయంత్రం మనవరాలు బడి బట్టలతోనే వచ్చింది. వాళ్ల నాయన నిద్రలో ఉన్నాడు. నా పక్కన బల్ల మీద కూర్చుని జరిగింది విన్నది. విని, మెల్లగా, "తాతా, రాత్రి నువ్వు పండుకున్నంక సెల్లు దించుదమని నాయినోళ్లు అనుకుంటుంటే ఇన్న. బల్బు వెలుగుడు ఏ మార్పు అని మొన్న పరీక్షల వచ్చింది. భౌతిక మార్పు అని రాసిన. మార్కు పడ్డది" అన్నది.

నాలో ఉన్న కోపమంతా ఒక్కసారి నోటికి వచ్చింది. "రాసినవ్. మార్కు పడ్డది. మరి రాత్రి ఇంట్ల సెల్లు గురించి మాట్లాడుకుంటుంటే నోరెందుకు మెదపలే? ఎందుకే నీ సదువు?"

ఆ పిల్ల ఏడ్చింది. వెక్కిళ్ల మధ్యన, "నువ్వు దీపం అన్నవ్ గాని ఎందుకో చెప్పలే గద తాతా. వెలుతురు కోసమే అనుకున్న" అన్నది.

అడుగద్దు బిడ్డా అన్న మా అవ్వ మీద ఎంత కోపం పెంచుకున్నాను! నేను మాత్రం ఏం చేశాను? మేస్త్రీ చెప్పినదాన్ని, పుస్తకాలు చెప్పినదాన్ని నా కడుపులో దాచుకుని, బయటికి కట్టడి ఒక్కటే చెప్పాను. గని సంగతి నా కొడుక్కు ఏనాడూ చెప్పలేదు. చిన్నాయన సంగతీ పూర్తిగా చెప్పలేదు. పాతరలో పోయాడు అన్నాను, అంతే. పిల్ల తల మీద చెయ్యి వేస్తే తోసేసింది. కాసేపటికి తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

రెండో రోజు ఇంటికి తెచ్చాం. బావి మూతికి ముళ్లకంప వేయించాను. బామ్మర్ది సెల్లు ఆ రోజు పొద్దుగూకే దాకా కింద వెలుగుతూనే ఉందని కూలీలు చెప్పారు. పొలంలో ఒక ఎకరానికి మిరప చేనువాళ్లు తమ బోరు నుంచి రెండు తడులు ఇచ్చారు. రెండో ఎకరం ఎండింది. దానిలోకి గొడ్లను తోలమని కోడలే చెప్పింది. కొడుకు అటు తిరిగి పడుకున్నాడు కానీ అడ్డు చెప్పలేదు.

నా భయం పొలం గురించి కాదు. వాడి తలకాయ గురించి. డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నేను వాణ్ణి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను. ఊరికే అడిగినట్టు అడిగేవాణ్ణి. పాసు పుస్తకం ఎక్కడ పెట్టినవ్? బర్రె ఈనింది ఎప్పుడు? బావి ఎన్ని గజాలు? అన్నిటికీ సరిగ్గానే చెప్పాడు. మూడో రోజు మధ్యాహ్నానికి వాడికి అర్థమైపోయింది.

"ఏంది బాపూ, నన్ను మల్ల బడిల ఏసినవా?"

"ఊకె అడుగుతున్న తీ. మీ అమ్మ పోయింది ఏ నెల?"

కప్పు వైపు చూశాడు. పెదాలు కదిలాయి. "శ్రావణం" అన్నాడు.

మా ఆవిడ పోయింది కార్తీకంలో. చలి మొదలైంది, ఆమె మీద రెండు దుప్పట్లు కప్పాను. వెంటనే ఆటో పిలవాలా, ఇంకో మాట అడిగి చూడాలా?

వంటింట్లోంచి కోడలు గొంతు వినిపించింది. "ఆయినకు గది ఎన్నడు యాదికున్నది మామా? ఏటా నేను జెప్తెనే గద అత్త పోయిన తిథికి బియ్యమిచ్చేది. నువ్వు పరేషాన్ గాకు."

కొడుకు నవ్వాడు. "సూసినవా, మీ కోడలే జెప్తుంది."

నేనూ నవ్వినట్టు చేశాను. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. వాడికి చిన్నప్పటి నుంచీ తిథులు, నెలలు పట్టవు. అయినా మరునాడు పొద్దున వాడు పళ్లు తోముకుని వస్తుంటే, అరుగు మీద నుంచే మళ్లీ అదే అడిగాను.

"కార్తీకం" అన్నాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ.

వాడికే గుర్తొచ్చిందో, కోడలు చెప్పి పంపిందో నేను అడగలేదు.